రంగంలో వదిన చెయ్యి



రొమ్ములో గడ్డ తగిలితే దాచుకోవద్దు, వెంటనే చూపించుకోండి అన్న మాట మీరు రేడియోలో చాలాసార్లు విని ఉంటారు. అవసరమైన మాటే. ఈ పూట నేను ఆ తర్వాతి సంగతి మాట్లాడదామని వచ్చాను. ఆపరేషన్ అయింది. కీమో అయింది. రేడియేషన్ ఆఖరి సిట్టింగూ అయింది. డాక్టరు గారు "ఇంక మూడు నెలలకి రండమ్మా" అన్నారు. ఇంట్లోవాళ్ళు గుళ్ళో కొబ్బరికాయ కొట్టి వచ్చారు. మర్నాడు పొద్దున్న లేచాక ఆ మనిషి ఎలా బతకాలి? ముందు ఇరవై ఏళ్ళు ఉండొచ్చు, ముప్పై ఏళ్ళు ఉండొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 23 లక్షల మంది ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అదే ఏడాది 6,70,000 మంది దానితో చనిపోయారు. పోయినవాళ్ళ కోసం ఏడుస్తాం. బతికి ఇంటికొచ్చిన వాళ్ళని మాత్రం "గండం గడిచింది" అనుకుని వదిలేస్తాం. వాళ్ళ కష్టాలు చాలావరకు ఆ గండం గడిచిన తర్వాతే మొదలవుతాయి.

మా మేనత్త కుటుంబం బర్మాలో, యాంగోన్‌లో ఉంది. మన పెద్దవాళ్ళకి అది ఇప్పటికీ రంగమే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో రంగం వెళ్ళిన మనిషి ఉండని ఊరు ఒకప్పుడు అరుదు. కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళారని అక్కడివాళ్ళు మనవాళ్ళని కోరంగీలు అన్నారు. రంగం రేవులో మూటలు దింపిన చేతులు, బియ్యం మిల్లుల్లో బస్తాలు ఎత్తిన చేతులు చాలావరకు మనవే. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె దొమ్మీగా మారినప్పుడు నెత్తురు కారినదీ వాళ్ళకే. 1931 జనాభా లెక్కల నాటికి ఆ ఊళ్ళో సగానికి పైగా భారతీయులు. 1942లో జపాన్ బాంబులకు వేలమంది కాలినడకన తిరిగొచ్చారు. 1964 తర్వాత, వ్యాపారాలన్నీ జాతీయం చేశాక, మరికొన్ని ఓడల నిండా వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. రాకుండా అక్కడే ఉండిపోయినవాళ్ళలో మా మేనత్త ఒకరు. ఆవిడ కూతురు నాకు వదిన. అరవై దాటిన మనిషి. ఇంటి ముందు అరుగు మీద ఇడ్లీ, గారెలు వేసి అమ్ముకుంటూ ముగ్గురు పిల్లల్ని పెంచింది.

వదినకి ఎడమ రొమ్ము తీసేశారు. చంకలో గ్రంథులు తీశారు. చికిత్స ఏ లోటూ లేకుండా సాగింది. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కలిసి ఆవిడ ఎడమ చేతిని పనిలోంచి తప్పించేశారు. నీళ్ళ బిందె ఎత్తకు, పిండి రుబ్బకు, బట్టలు పిండకు. అంతా ప్రేమతోనే. మన ఇళ్ళలో జబ్బు చేసి లేచిన మనిషి మీద ప్రేమ చూపించే పద్ధతి అదొక్కటే: కూర్చోబెట్టి, పథ్యం పెట్టి, ఏ పనీ చేయనివ్వకపోవడం. రెండో వానాకాలానికి ఆ చెయ్యి బరువెక్కింది. ఉంగరం బిగుసుకుంది. జాకెట్టు చెయ్యి పట్టలేదు. ఒకనాడు ఫోనులో అంది: "ఏటే మరదలా, సెయ్యి ఇలగ ఉబ్బిపోనాది. బోద అంతన్నారు."

బోద అంటే బోదకాలు. బర్మాలోనూ, మన కోస్తాలోనూ తెలియని జబ్బు కాదు. దోమకాటుతో వచ్చే ఫైలేరియా. కాబట్టి ఉబ్బిన చెయ్యి చూసి ఇరుగుపొరుగు అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఎవరో ఫైలేరియా మాత్రలు కూడా తెచ్చిచ్చారు. వదిన మింగింది. అసలు సంగతి వేరు. మన ఒంట్లో నెత్తురు కాక మరో ద్రవం ప్రవహిస్తుంటుంది. దాన్ని లింఫు అంటారు. చేతిలోని లింఫు చంకలోని గ్రంథుల గుండా వెనక్కి వెళ్ళాలి. క్యాన్సర్ అక్కడిదాకా పాకిందేమోనని ఆ గ్రంథుల్ని తీసేసినప్పుడు, పైగా రేడియేషన్ ఇచ్చినప్పుడు, లాకులు మూసేసిన కాలువలో నీరు గట్టుకు చేరినట్టు అది చేతిలో నిలిచిపోతుంది. దీని పేరు లింఫెడీమా. చంకలో గ్రంథులన్నీ తీసినవాళ్ళలో సుమారు ప్రతి అయిదుగురిలో ఒకరికి వస్తుంది. ముందుగా ఒకటి రెండు గ్రంథులే తీసి పరీక్షించే కొత్త పద్ధతిలో అయితే ఇరవైమందిలో ఒకరికి. ఆపరేషన్ అయిన నెలలకీ రావచ్చు, ఏళ్ళకీ రావచ్చు. రేడియేషన్ అయిపోయిందన్న రోజున ఈ ముక్క వదినకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మొదటిసారి ఉంగరం బిగిసిన నాడే వెళ్ళేది. వాపు మెత్తగా ఉన్నప్పుడు మొదలుపెడితే బిగుతు తొడుగులతో, మర్దనతో, వ్యాయామంతో అదుపులో ఉంటుంది. ముదిరి చర్మం గట్టిపడ్డాక కష్టం.

ఇక చెయ్యి వాడకూడదన్న మాట. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పేవారు, బరువు ఎత్తొద్దని. 1996లో కెనడాలో, వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే వైద్యుడు దీన్ని సవాలు చేశాడు. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 24 మంది ఆడవాళ్ళని పోగుచేసి, కొన్ని నెలల తర్ఫీదు ఇచ్చి, డ్రాగన్ పడవ ఎక్కించి తెడ్లు వేయించాడు. భుజాల బలమంతా పెట్టి చేసే పని అది. చేతులు వాచిపోతాయని అందరూ భయపడ్డారు. ఎవరికీ కొత్తగా వాపు రాలేదు. ఈ రోజు ఎన్నో దేశాల్లో అలాంటి జట్లు పోటీలకి వెళ్తున్నాయి. 2009లో అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం ఇంకో అడుగు వేసింది. అప్పటికే చెయ్యి వాచిన 141 మందిని తీసుకుని, సగం మంది చేత వారానికి రెండుసార్లు, తేలికతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుతూ, బరువులు ఎత్తించారు. ఏడాది తర్వాత చూస్తే, బరువులు ఎత్తినవాళ్ళలో వాపు ముదిరి బాధపెట్టింది 14 శాతం మందికి. ఎత్తనివాళ్ళలో 29 శాతం. సగానికి సగం తేడా.

నాకు ఈ అంకెలు ఎంత ముఖ్యమంటే, వదినకి ఫోనులో రెండుసార్లు చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే పిండి రుబ్బొచ్చా?" అంది. రుబ్బొచ్చు. నిండు బిందెతో మొదలుపెట్టకూడదు. అరలీటరు నీళ్ళ సీసాతో మొదలుపెట్టాలి. వాపు పెరగకపోతే వారం తర్వాత కాస్త ఎక్కువ బరువు. చెయ్యి బరువుగా, నొప్పిగా అనిపిస్తే ఒక మెట్టు వెనక్కి. వాపు ఉన్నవాళ్ళు తొడుగు వేసుకుని చేయాలి. తెలిసిన ఫిజియోథెరపిస్టు పక్కన ఉంటే మరీ మంచిది.

ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు, విమానం ఎక్కకూడదు అని ఇంకో జాబితా తిరుగుతూ ఉంటుంది. 2016లో బోస్టన్ వైద్యులు 632 మందిని పరిశీలించి చెప్పారు: వీటికీ వాపుకీ సంబంధం కనబడలేదు. కనబడింది వేరే వాటితో. ఒంటి బరువు, చంక గ్రంథులన్నీ తీసేయడం, చేతి చర్మానికి పట్టిన ఇన్ఫెక్షన్. రెండో చెయ్యి ఉండగా దానికే సూది వేయించుకుంటే నష్టం లేదు. కానీ ఎప్పుడో పొరపాటున ఈ చేతికి బీపీ చూశారని రాత్రంతా నిద్రమానుకోనక్కరలేదు.

ఇక్కడ గాజుల సంగతి చెప్పాలి. వదిన చూపించుకున్న చోట నర్సు ఎడమ చేతి గాజులు తీసేయమంది. బిగుతుగా ఉన్నాయి, చర్మం ఒరుసుకుంటోంది, ఆమె మాట సబబే. వదిన తీయనంది. మొగుడు బతికుండగా గాజులు తీయడమేమిటని ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ బాధ ఆ నర్సుకి తెలిసే దారి లేదు. మనకి తెలుసు. దీనికి పెద్ద వైద్యం అక్కర్లేదు. మా మేనత్త బతికి ఉంటే ఒక్క మాటలో తేల్చేసేది: ఎడమ చేతి గాజులు కూడా కుడి చేతికే వేసుకోవే అని. ఆ మాట నేను అన్నాను. వదిన ఒప్పుకుంది. చికిత్స అయిన మనిషికి సాయం చేయడం అంటే ఇలాంటి చిన్న విషయాల దగ్గర ఆగి ఆలోచించడం కూడా అని నాకు అప్పుడే అర్థమైంది.

ఇన్ఫెక్షన్ అన్నాను కదా. యాంగోన్‌లో మే నడిమి నుంచి అక్టోబరు దాకా వాన. ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్లు. వేళ్ళ సందులు పాసిపోతాయి. రోజూ చేపలు తోమే ఇళ్ళు. ముల్లు గుచ్చుకోవడం, కత్తిపీట కోసుకోవడం మామూలు. గ్రంథులు లేని చేతిలో ఆ చిన్న గాయమే పెద్ద గొడవ తెస్తుంది. చేపలు తోమేటప్పుడు రబ్బరు గ్లవ్స్, పడుకునే ముందు దోమతెర, చర్మం పగలకుండా కాస్త కొబ్బరినూనె. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి. మర్నాటికి వాయిదా వేసే వ్యవహారం కాదది.

తర్వాత మాత్రలు. హార్మోనుతో పెరిగే రకం క్యాన్సర్ అయితే, ఎక్కువమందిది అదే రకం, టామాక్సిఫెన్ అనో, అనాస్ట్రజోల్ లాంటిదో రోజుకో మాత్ర అయిదేళ్ళు, కొందరికి పదేళ్ళు రాస్తారు. టామాక్సిఫెన్ పాత మందు, చవక మందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మందు. ఆ రకం క్యాన్సర్ ఉన్నవాళ్ళు అయిదేళ్ళు వేసుకుంటే, మొదలుపెట్టిన నాటి నుంచి పదిహేనేళ్ళలో ఆ జబ్బుతో చనిపోయే ప్రమాదం మూడో వంతు దాకా తగ్గుతుంది. ఇంత మేలు చేసే మాత్రని ఆడవాళ్ళు మధ్యలో మానేస్తున్నారు. బీదరికం ఒక్కటే కారణం కాదు. కాలిఫోర్నియాలో 8,769 మంది లెక్కలు తీసి 2010లో ప్రకటించారు. నాలుగున్నరేళ్ళూ సరిగ్గా వేసుకున్నది సగం మందే.

ఎందుకు మానేస్తారు? ఒంట్లోంచి ఆవిర్లు. రాత్రి చెమటలు. కీళ్ళు పట్టేయడం. యాంగోన్‌లో ఇప్పుడు కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. ఏప్రిల్ నెల రాత్రి, ఫ్యాను లేదు, లోపల్నుంచి సెగ. వదిన చాప తీసుకుని గుమ్మంలో పడుకునేది. ఆ మాత్ర వేసుకుంటే ఇలా, వేసుకోకపోతే హాయిగా ఉంది, మరి జబ్బు లేదు కదా అని మూడు నెలలు మానేసింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్న తర్వాత అక్కడ ప్రభుత్వ ఆసుపత్రులు ఎంత దెబ్బతిన్నాయో మీరు వార్తల్లో వినే ఉంటారు. మందులు కొన్నాళ్ళు దొరికితే కొన్నాళ్ళు దొరకవు. అలాంటి చోట, దొరికిన మాత్ర కూడా మానేయడం నా మనసుకి చాలా కష్టంగా తోచింది. కానీ నేను వదిన్ని తిట్టలేదు. ఆవిర్ల గురించి ఆవిడ డాక్టరుకే చెప్పలేదు. మగ డాక్టరు, సిగ్గుపడింది. చెబితే దారులున్నాయి. వేళ మార్చడం, మందు మార్చడం, ఆవిర్లు తగ్గించే వేరే మందు ఇవ్వడం. మాత్రని మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఇంకొకటి గుర్తుంచుకోండి. టామాక్సిఫెన్ వేసుకుంటూ ఉండగా, ముట్లు ఆగిపోయిన మనిషికి మళ్ళీ రక్తస్రావం కనబడితే, లేదా ఒక కాలి పిక్క వాచి నొప్పెడితే, ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. అనాస్ట్రజోల్ రకం మందులైతే ఎముకలు పలచబడతాయి. ఎముకల పరీక్ష చేయించుకోవాలి.

డబ్బు మాట. యాంగోన్‌లో కాస్త కలిగినవాళ్ళు ఏటా బ్యాంకాక్ వెళ్ళి ఒళ్ళంతా స్కాన్ చేయించుకు వస్తారు. లేనివాళ్ళు అది చూసి, మేమేదో తక్కువ చేసుకున్నామని కుమిలిపోతారు. కొందరు ఉన్న బంగారం అమ్మి వెళ్తారు. అమ్మకండి. ఏ బాధా లేని మనిషికి ఏటా స్కాన్లూ రక్తపరీక్షలూ చేసినందువల్ల ఆయుష్షు పెరగలేదని ఇటలీలో చేసిన పెద్ద పరిశోధనలు 1994లోనే తేల్చాయి. కావలసినవి ఇవి: మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరుకి చూపించుకోవడం, తర్వాత రెండేళ్ళు ఆరు నెలలకో ఏడాదికో, ఆ పైన ఏటా ఒకసారి. మిగిలిన రొమ్ముకి ఏడాదికో మామోగ్రామ్. ఎముకల్లో తగ్గని నొప్పి, ఆయాసం, తగ్గని దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి ఉంటే అప్పుడు ఏ స్కానైనా సరే.

తిండి గురించి ఎక్కువ చెప్పను. సోయా తినకూడదన్న భయం అక్కడ చాలా ఉంది, ఎందుకంటే బర్మా వంటల్లో సోయా ఎక్కువ. షాంఘైలో చికిత్స అయిన 5,042 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితాల్లో సోయా తినేవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. షాన్ తోఫు సంగతైతే అసలు గొడవే లేదు, అది శనగలతో చేసేది. పథ్యం పేరుతో చారు మెతుకులు పెట్టి కూర్చోబెట్టకండి. బరువు పెరగకుండా చూసుకోండి, అది చాలా ముఖ్యం.

నడవండి. వారానికి మూడు నుంచి అయిదు గంటలు మామూలు నడక నడిచినవాళ్ళు నడవనివాళ్ళ కంటే ఎక్కువకాలం బతికారని 2005లో అమెరికా నర్సుల మీద చేసిన అధ్యయనం చెప్పింది. యాంగోన్‌లో నడకకి కొదవేముంది. కాండోజీ చెరువు గట్టు ఉంది, ఇన్యా గట్టు ఉంది. మనవాళ్ళు శ్వేడగోన్ పగోడా చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. ఒక్క జాగ్రత్త. అక్కడ చెప్పులు విప్పాలి. కీమోలో పాక్లిటాక్సెల్ ఇచ్చినవాళ్ళకి అరికాళ్ళు మొద్దుబారి, కొందరికి ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. మధ్యాహ్నం ఎండకి పాలరాయి కాలుతుంటే వాళ్ళకి తెలియదు. ఇంటికొచ్చాక బొబ్బలు చూసుకుంటారు. తెల్లవారుజామునో, పొద్దుగూకాకో వెళ్ళండి. వచ్చాక అరికాళ్ళు చూసుకోండి.

ఇవన్నీ ఒంటి సంగతులు. నాకు వీటికంటే కష్టంగా తోచేది ఇంట్లో అలుముకునే గుట్టు. మొగుడు పక్కగదికి మారిపోతాడు, జాలితోనే, ముట్టుకుంటే నొప్పెడుతుందేమోనని. ఆవిడ ఇంకోలా అనుకుంటుంది. ఇద్దరూ అడగరు. కూతుళ్ళ పెళ్ళి మాట ఇంకొకటి. తల్లికి క్యాన్సర్ అని పొక్కితే సంబంధాలు రావని, చెల్లెళ్ళకి కూడా చెప్పని కుటుంబాలు నాకు తెలుసు. రొమ్ము క్యాన్సర్లలో వంశంలో వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. ఆ అనుమానం ఉన్న కుటుంబంలో చెల్లెళ్ళకీ కూతుళ్ళకీ చెప్పి తీరాలి, వాళ్ళ ప్రాణాల కోసం. శ్రీకాకుళంలో పుట్టిన నటి గౌతమి గారు ముప్పై అయిదేళ్ళ వయసులో ఈ జబ్బు బారిన పడి, కోలుకుని, ఆ సంగతి నలుగురిలో చెప్పారు. తోటి రోగుల కోసం లైఫ్ ఎగైన్ అనే సంస్థ పెట్టారు. యాంగోన్ తెలుగు ఇళ్ళలో మన సినిమాలు చూస్తారు. వదినకి ఆవిడ పేరు చెబితే, "ఆ పిల్లకా?" అని చాలాసార్లు అడిగింది.

1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే ఆవిడకి రొమ్ము తీసేశారు. ఇంటికెళ్ళాక చెయ్యి ఎలా కదపాలి, లోపల ఏం కట్టుకోవాలి, మొగుడితో ఏం మాట్లాడాలి అని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. అన్నీ తనే నేర్చుకుని, ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ మంచాల దగ్గరికి వెళ్ళి చెప్పడం మొదలుపెట్టింది. కొందరు డాక్టర్లు కోప్పడ్డారు. మానలేదు. రీచ్ టు రికవరీ అన్న పేరుతో ఆ పని ఈనాటికీ ఎన్నో దేశాల్లో సాగుతోంది. ఆ అవస్థ పడి లేచిన మనిషి మాట, పడబోతున్న మనిషి చెవికి ఎక్కినట్టు ఇంకెవరి మాటా ఎక్కదు.

వదిన ఇప్పుడు ఆ పనే చేస్తోంది, ఆ పేరు తెలియకుండానే. తన పేటలో ఆపరేషన్ అయిన ఇద్దరు మన ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి గోడ దగ్గర నిలబెట్టి వ్యాయామం చేయిస్తోంది. నన్ను కాగితం మీద రాసి పంపమంది. రాసి పంపాను. వాళ్ళకి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. చదువుకున్నది బర్మాలో కదా. అందుకే ఈ మైకు ముందు చెబుతున్నాను. అక్కడ ఎవరైనా వింటూ ఉంటే, ఇక్కడ బర్మా క్యాంపులో వింటున్నవాళ్ళు అక్కడికి ఫోను చేసి చెప్పగలిగితే, అదే చాలు.

ఆ గోడ వ్యాయామం ఇదీ. ఆపరేషన్ చోట ద్రవం పోవడానికి పెట్టిన గొట్టం తీసేసి, సర్జన్ సరేనన్న తర్వాత మొదలుపెట్టండి. గోడకి ఎదురుగా, మూరెడు దూరంలో నిలబడండి. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి గోడకి ఆనించండి. వేళ్ళతో మెల్లగా గోడ మీద పైకి పాకించండి. చంకలో లాగినట్టు అనిపించిన చోట ఆపండి. నొప్పి వచ్చేదాకా వెళ్ళకండి. అక్కడ అయిదు లెక్కపెట్టి, వేళ్ళతోనే కిందికి దింపండి. ఎంత ఎత్తు వెళ్ళిందో సుద్దముక్కతో గీత పెట్టండి. అలా అయిదుసార్లు, పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. తర్వాత పక్క మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతుల వేళ్ళూ జతచేసి, మోచేతులు వంచకుండా తలమీదుగా వెనక్కి తీసుకెళ్ళండి. మంచి చెయ్యి రెండో చేతిని తీసుకుపోతుంది. ఇదీ అయిదుసార్లు. ఆఖరున ఆ చెయ్యి దిండు మీద, గుండె కంటే ఎత్తులో పెట్టుకుని, పిడికిలి బిగించి వదలండి. ఇరవైసార్లు. చేసేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. వారం తర్వాత సుద్దగీత పైకి జరగకపోతే, లేదా చెయ్యి బరువెక్కితే, మూడు నెలల గడువు దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళి, అప్పటిదాకా పెట్టిన గీతలన్నీ ఎంతెంత ఎత్తులో ఉన్నాయో చెప్పండి.